పైపెట్ పట్టిన చేతికి పోస్టు లేదు

ప్రభుత్వ పరిశోధన సంస్థల నోటిఫికేషన్లు చదివే అలవాటున్న వాళ్లకి ఒక మాట కంఠతా వచ్చేసి ఉంటుంది. ఈ నియామకం పూర్తిగా తాత్కాలికం, ప్రాజెక్టుతో పాటే ముగుస్తుంది, రెగ్యులర్ ఉద్యోగం మీద ఎలాంటి హక్కూ ఉండదు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ చదివి, హైదరాబాద్ ల్యాబుల ముందు వాకిన్ ఇంటర్వ్యూలకి సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని నిలబడే మావాళ్లందరం ఆ మాట కింద సంతకం పెట్టినవాళ్లమే. ఒక ప్రాజెక్టు అయిపోగానే ఇంకో ప్రాజెక్టులో చేరుతూ నేనూ పెడుతూనే ఉన్నాను. దానివల్ల నష్టపోయేది మేమొక్కళ్లమే అయితే పేపర్లో ఇంత రాయక్కర్లేదు. ఈ పద్ధతి వల్ల పరిశోధనే దెబ్బతింటోంది. ఆ సంగతి ల్యాబు గోడల బయట ఎవరికీ తెలియడం లేదు. అందుకే రాస్తున్నాను.

నేను పనిచేసేది వరి మీద. పుట్టింది గుంటూరు వైపు డెల్టాలో, కాలువ కింద ఊళ్లో. మా నాన్న ఇప్పటికీ బీపీటీ వేస్తారు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, అన్నం తినే తెలుగువాళ్లకి కొత్తగా పరిచయం చేయాల్సిన రకం కాదు. సన్న గింజ, మంచి రుచి, బజారులో మంచి ధర. దాని బలహీనత ఎండాకు తెగులు. బ్యాక్టీరియా వల్ల వచ్చే ఈ తెగులు ఆకు కొన దగ్గర మొదలై అంచుల వెంట కిందికి దిగుతుంది. ఆకు ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది. ఒకసారి పట్టాక మందు కొట్టి ఆపడం చాలా కష్టం. గాలివానలు పడిన ఏడు పచ్చగా ఉండాల్సిన చేలు తెల్లబారి నిలబడటం నేను చిన్నప్పటి నుంచీ చూశాను.

ఆ తెగులుకి ఒక జవాబు హైదరాబాద్‌లోనే తయారైంది. అప్పట్లో వరి పరిశోధన సంచాలనాలయం అని పిలిచిన నేటి భారత వరి పరిశోధన సంస్థ, సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) కలిసి సాంబ మసూరిలోకి మూడు నిరోధక జన్యువులు తెచ్చాయి. వాటి పేర్లు ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5. అందులో మొదటిది ఆఫ్రికాలోని ఒక అడవి వరి నుంచి వచ్చింది. ఆ కొత్త రకం 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అన్న పేరుతో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. ఈ మాట మా నాన్నకే చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది కాబట్టి ఇక్కడా చెబుతున్నాను. వరిని వరితోనే సంకరం చేస్తారు. పుట్టిన మొక్కల్లో కావలసిన జన్యువు దేనికి వచ్చిందో డీఎన్‌ఏ పరీక్షతో ఏరుకుంటారు. అంతే.

ఆ ఏరడం దగ్గరే నాలాంటి వాళ్ల పని మొదలవుతుంది. నేను చేసేదీ అదే కోవలో పని. మరో రకంలోకి ఎండాకు తెగులునూ అగ్గి తెగులునూ తట్టుకునే జన్యువులు తెచ్చే ప్రయత్నం. ఈ పనికి డీఎన్‌ఏ పరీక్షే ఎందుకు కావాలో కాస్త చెప్పాలి. ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 రెండూ అంతర్గత జన్యువులు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తే తప్ప వాటి బలం పైకి కనిపించదు. బ్యాక్టీరియా ఉన్న నీళ్లలో కత్తెర ముంచి ఆకు కొన కత్తిరించి, రెండు వారాలు ఆగి మచ్చ ఎంత పాకిందో స్కేలు పెట్టి కొలిచినా, మొక్క ఆ జన్యువును లోపల మోస్తోందో లేదో తేలదు. డీఎన్‌ఏ చూస్తేనే తెలుస్తుంది. సాంబ మసూరినే ఉదాహరణగా తీసుకుంటే, మూడు జన్యువులున్న మొక్కను తిరిగి సాంబ మసూరితో కలిపిన ప్రతి తరంలోనూ, మూడూ దక్కేది సగటున ఎనిమిది మొక్కల్లో ఒక్కదానికి. చివర్లో ఆత్మపరాగ సంపర్కానికి వదిలాక మూడూ స్థిరపడిన మొక్క అరవై నాలుగింట ఒకటి. కాబట్టి వందల మొక్కల ఆకులు తెంపాలి, వందల ట్యూబుల్లో డీఎన్‌ఏ తీయాలి, ఒక్కో డీఎన్‌ఏని మూడేసి సార్లు పరీక్షించాలి. ఇదంతా వరి ఈనక ముందే అయిపోవాలి. వెన్ను బయటికొచ్చి పూత అయిపోయిందంటే సంకరం చేసే అదను దాటిపోయినట్టే. మళ్లీ పంటకాలం దాకా ఎదురుచూడటం తప్ప ఏమీ చేయలేం.

పొద్దున్నే నెట్‌హౌస్‌కి వెళ్లి లేత ఆకు ముక్క తెంపి, మొక్కకి కట్టిన ట్యాగు మీద నంబరూ ట్యూబు మీద నంబరూ ఒకటేనని చూసుకుని ఐస్ బాక్సులో వేసుకొస్తాం. ద్రవ నత్రజని పోసి ఆకును పొడి చేసి, సీటాబ్ బఫర్ కలిపి, 65 డిగ్రీల వాటర్ బాత్‌లో పెడతాం. తర్వాత క్లోరోఫాం కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ట్యూబులో మూడు పొరలు కడతాయి. అడుగున ఆకుపచ్చగా క్లోరోఫాం, మధ్యలో తెల్లగా ప్రొటీన్ల తెర, పైన డీఎన్‌ఏ కరిగి ఉన్న నీరు. మధ్య తెర కదలకుండా పై పొరను మాత్రమే పైపెట్‌తో లాక్కోవాలి. చల్లటి ఐసోప్రొపనాల్ పోసి ట్యూబును మెల్లగా తలకిందులు చేస్తుంటే, అప్పటిదాకా ఏమీ లేనట్టున్న నీళ్లలో నూలుపోగుల్లాంటి డీఎన్‌ఏ తేలుతుంది. ఎన్నేళ్లు చేసినా ఆ క్షణంలో నాకు చెయ్యి ఆగుతుంది. మా చేలో పండే గింజకి రాసిపెట్టిందంతా అందులో ఉందన్న ఆలోచన వస్తుంది.

ప్రోటోకాల్ కాగితం మీద ఈ పని ఒకటిన్నర పేజీ. ఆ కాగితం ఎవరికైనా దొరుకుతుంది. పని నడిచేది మాత్రం అందులో రాయని విషయాల మీద. ముదురు ఆకు తెంపితే దాంట్లోని ఫినాళ్లు డీఎన్‌ఏని గోధుమరంగుకి తిప్పేస్తాయి, ఆ డీఎన్‌ఏతో కావలసిన ముక్కకి కాపీలు తీసే పీసీఆర్ పరీక్ష పలకదు. ఇథనాల్‌తో కడిగిన డీఎన్‌ఏని మరీ ఎక్కువ ఆరబెడితే మళ్లీ నీళ్లలో కరగదు. ట్యూబు పక్కన మార్కర్‌తో రాసిన నంబరు మీద ఒక్క చుక్క ఇథనాల్ పడితే చెరిగిపోతుంది, అందుకని మూత మీదా పక్కనా రెండు చోట్లా రాయాలి. పీసీఆర్‌కి వాడే టాక్ ఎంజైమ్ గ్లిసరాల్‌లో ఉంటుంది, చిక్కగా ఉంటుంది. టిప్పును లోపలికంటా ముంచితే బయటి గోడకి అంటుకుని కావలసినదానికన్నా ఎక్కువ ఎంజైమ్ వచ్చేస్తుంది. పైపైన ఆనించి, మెల్లగా లాగాలి. డీఎన్‌ఏకి బదులు ఉత్త నీళ్లు వేసిన ట్యూబులో కూడా బ్యాండు, అంటే జెల్ మీద గీత, వచ్చిందంటే, ఎక్కడో ఏదో కలిసిపోయింది. ఆ రోజు ప్లేటు మొత్తం పారేసి మళ్లీ చేయాల్సిందే, గైడ్ సార్ ఎంత తొందర పెట్టినా సరే.

సాయంత్రానికి జెల్. అగరోజ్ జెల్‌లో పక్కపక్కనే గుంటల్లో నమూనాలు నింపి కరెంటు పెడితే, చిన్న ముక్కలు వేగంగా కిందికీ పెద్ద ముక్కలు నింపాదిగా వెనకాలా నడుస్తాయి. యూవీ వెలుగులో చూస్తే వెలిగే గీతలు. ఎక్స్‌ఏ 21 పరీక్షలోనైతే నిరోధక జన్యువు ఉన్న గీత పైన, ఆ జన్యువు లేని రకం గీత కింద. రెండూ కనిపిస్తే ఒక్కో వైపు నుంచి ఒక్కోటి వచ్చినట్టు. మనకి కావలసిన మొక్క అదే. ఆ నంబరు కాగితం మీద రాసుకుని నెట్‌హౌస్‌కి వెళ్లి ట్యాగుకి ఎర్ర దారం కడతాం. ఇక్కడ ఒక్క గీతను తప్పు చదివామంటే, ఆ తప్పు తరాల తరబడి విత్తనంలో నడుస్తుంది. చివరికి అది ఎవరో ఒక రైతు మడిలో తేలుతుంది.

నాకు ఈ పని నేర్పినాయన మా ల్యాబులో రెగ్యులర్ టెక్నీషియన్. పెద్ద చదువులు చదివినవారు కాదు. చిన్న వయసులోనే ఉద్యోగంలో చేరి, రేడియోధార్మిక ఫాస్ఫరస్‌తో సదరన్ బ్లాట్లు చేసిన రోజుల నుంచీ బెంచి దగ్గరే ఉన్నారు. "గ్లిసరాల్ తొందరపడదమ్మా, నువ్వూ తొందరపడకు" అనేవారు. సెంట్రిఫ్యూజ్ శబ్దం విని రోటర్ సరిగా తూగలేదని పక్క గదిలోంచే చెప్పేవారు. కొత్తగా వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థులు సైంటిస్టుల దగ్గరికి వెళ్లే ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు, పీసీఆర్ ఎందుకు రావట్లేదో చూడండి సార్ అంటూ. ఆయన రిటైరైన రోజు శాలువా కప్పాం, జ్ఞాపిక ఇచ్చాం. ఆ పోస్టు మాత్రం మళ్లీ నింపలేదు. ఆయన చేసిన పని ఇప్పుడు ఏడాదికీ రెండేళ్లకీ మారిపోయే ప్రాజెక్టు వాళ్ల చేతుల మీద నడుస్తోంది.

దీని ఫలితం ఏమిటో చూడాలంటే ఏ ల్యాబులోనైనా మైనస్ 80 ఫ్రీజర్ తెరిచి చూడండి. పేరులో మొదటి అక్షరాలూ ఒక తేదీ మాత్రమే రాసి ఉన్న పెట్టెలు అడుగున కనిపిస్తాయి. ఏ మొక్క డీఎన్‌ఏ, ఏ తరం, ఏ ప్లాస్మిడ్ అన్నది ఆ మనిషికే తెలుసు. ఆ మనిషి ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు, లేదా ఏ ఫార్మా కంపెనీలోనో క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్నారు. ఫోన్ చేస్తే పాపం చెబుతారు, కానీ జ్ఞాపకం మీద ఎంతని చెబుతారు? ఆ పెట్టెల్ని పారేయడానికి మనసొప్పదు, వాడటానికి ధైర్యం చాలదు. వాటిలో ఉన్నదంతా ప్రజల డబ్బు.

నాతో పాటు ఒక అమ్మాయి పనిచేసేది, రాయలసీమ పిల్ల. జెల్ చదవడంలో ఆమె కన్ను నాకంటే మెరుగు. చుట్టూ మసకగా ఉన్న గీతల్లో అసలు గీత ఏదో, నకిలీ ఏదో ఠక్కున చెప్పేది. మా ప్రాజెక్టు రెండో విడత డబ్బు రాలేదు. విడత రావాలంటే మొదటి విడత ఖర్చు లెక్కలూ వినియోగ ధ్రువపత్రమూ వెళ్లాలి, అవి ఆడిట్ దాటాలి, అక్కడ ఒక సంతకం, ఇక్కడ ఒక సంతకం. ఈలోగా నెలలు గడిచిపోతాయి. ల్యాబుకి రోజూ రావాలి, మొక్కలు ఆగవు కదా. హాస్టల్ అద్దె కూడా ఆగదు. ఆమె మెడికల్ కోడింగ్ కోర్సు చేసి హైటెక్ సిటీలో చేరిపోయింది. వెళ్లేటప్పుడు, "ఒకటో తారీఖున జీతం పడుతుందక్కా, అది చాలు నాకు" అంది. నేనేం చెప్పగలను? ఆమె స్థానంలో వచ్చిన అబ్బాయి తెలివైనవాడే. కానీ చెయ్యి కుదరడానికి అతనికి నెలలు పట్టింది. మధ్యలో ఆ పంటకాలం కాస్తా చేజారింది.

జీతాల సంగతికొస్తే, అందరూ చెప్పే అంకె జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్ఎఫ్‌ది. 2019 జనవరిలో అది 25,000 నుంచి 31,000 అయింది. దానికోసం దేశమంతటా రీసెర్చ్ స్కాలర్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. 2023 జనవరి నుంచి 37,000 అయింది, సీనియర్లకి 42,000. నెట్ అర్హత లేకుండా ప్రాజెక్టుల్లో చేరేవాళ్లకి అంతకన్నా తక్కువ. అంకె పెరగడం మంచిదే, కాదనను. కానీ నా దృష్టిలో అంకె కన్నా ముఖ్యమైనవి రెండున్నాయి. ఆ డబ్బు నెలనెలా పడటం ఒకటి, మనిషి నిలబడటం ఒకటి. ల్యాబులో ఒక ఎంజైమ్ ఆర్డరు ఆగిపోతే కంపెనీకీ స్టోర్స్‌కీ మెయిళ్లమీద మెయిళ్లు వెళ్తాయి. మనిషి జీతం ఆగిపోతే, ఓపిక పట్టమని చెప్పి సరిపెడతారు. 

ఇక పరిశోధన వ్యాసంలో పేరు వేసే విషయం. మాలిక్యులర్ బయాలజీ పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయంలోనే ఒక ప్రయోగం ఉంటుంది. వంశపారంపర్య సమాచారం ప్రొటీన్‌లో ఉందా, డీఎన్‌ఏలో ఉందా అని లోకం ఇంకా తేల్చుకోని రోజులు. 1952లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబులో బ్యాక్టీరియాకి పట్టే వైరస్‌ను తీసుకుని, దాని ప్రొటీన్‌కి రేడియోధార్మిక గంధకం, డీఎన్‌ఏకి రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఎక్కించారు. వైరస్ బ్యాక్టీరియాను పట్టుకున్నాక, వంటింట్లో వాడే బ్లెండర్‌లో వేసి తిప్పి, అంటుకున్న వైరస్ తొడుగుల్ని విడదీశారు. ఫాస్ఫరస్ బ్యాక్టీరియాతో పాటు ఉండిపోయింది, గంధకం చాలావరకు బయటే మిగిలింది. లోపలికి వెళ్లింది డీఎన్‌ఏ అని తేలింది. దీన్ని హెర్షీ-చేజ్ ప్రయోగం అంటాం. చేజ్ అంటే మార్తా చేజ్. అప్పటికి ఆమె వయసు పాతికేళ్లలోపే, బీఏ డిగ్రీ మాత్రమే ఉన్న రీసెర్చ్ అసిస్టెంట్. 1969లో నోబెల్ బహుమతి ఆల్‌ఫ్రెడ్ హెర్షీకి, మరో ఇద్దరికి వచ్చింది. ఆమెకు రాలేదు. తర్వాత పీహెచ్‌డీ చేసినా ఆమె పరిశోధనలో నిలదొక్కుకోలేకపోయారు. 2003లో చనిపోయారు. అయినా ఇవాళ తెనాలిలోనో వరంగల్‌లోనో డిగ్రీ చదివే పిల్లలకి ఆమె పేరు తెలుసంటే కారణం ఒక్కటే. ఆ ప్రయోగం గురించి రాసిన వ్యాసం మీద హెర్షీ ఆమె పేరు కూడా వేశారు.

మేం రోజూ వాడే టాక్ ఎంజైమ్ సంగతీ అలాంటిదే. ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో బతికే బ్యాక్టీరియాను 1966లో థామస్ బ్రాక్ దగ్గర పనిచేస్తూ వేరుచేసి పెంచిన హడ్సన్ ఫ్రీజ్ అప్పటికి ఇంకా డిగ్రీ విద్యార్థే. దాని నుంచి ఆ ఎంజైమ్‌ను శుద్ధి చేసి 1976లో ప్రచురించిన వ్యాసంలో మొదటి పేరు ఆలిస్ షియన్ అనే విద్యార్థినిది. పీసీఆర్ కనిపెట్టినందుకు కేరీ మల్లిస్‌కి 1993లో నోబెల్ వచ్చింది, అది ఆయనకు దక్కాల్సిందే. కానీ మరుగుతున్నంత వేడికీ చెడని ఆ ఎంజైమ్ లేకపోతే పీసీఆర్ ఇవాళ్టిలా ఊరూరి ఆస్పత్రికీ చేరేది కాదు. ఆ ఎంజైమ్ వెనక ఉన్నవి ఇద్దరు విద్యార్థుల చేతులు. వ్యాసంలో పేరుంది కాబట్టే వాళ్లు చేశారని మనకి తెలిసింది.

మన దగ్గర ఈ విషయంలో రాసిన నియమం కన్నా రివాజుదే పైచేయి. ఆ రివాజు గైడుని బట్టి మారుతుంది. మంచి మనసున్న గైడ్లు చాలామందే ఉన్నారు, ప్రాజెక్టు అసిస్టెంటు పేరు వ్యాసంలో వేసి, ఆ కాపీ ప్రింటు తీసి చేతికిచ్చి పంపినవాళ్లు నాకు తెలుసు. మరోచోట అంతే పని చేసిన మనిషికి చివర్లో చిన్న అక్షరాల్లో, సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు అన్న ఒక్క వాక్యం దక్కుతుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు. వ్యాసం అచ్చయ్యేనాటికి మనిషి వెళ్లిపోయి ఉంటే పేరు జారిపోవడం మరీ సులువు. మాకు పేరు వేడుక కోసం కాదు. తర్వాతి ఇంటర్వ్యూలో అడిగేది అదే, పీహెచ్‌డీ సీటుకి చూసేది అదే. ఎవరు ఏం చేశారో పద్నాలుగు రకాల పాత్రలుగా విడదీసి వ్యాసంలోనే రాసే క్రెడిట్ అనే పద్ధతి ప్రపంచంలో ఇప్పటికే అమల్లో ఉంది, ఎన్నో జర్నళ్లు దాన్ని అడుగుతున్నాయి. ప్రయోగాలు చేసినవాళ్లకి అందులో ప్రత్యేకంగా ఒక గడి ఉంది. మన గ్రాంట్లిచ్చే సంస్థలు ప్రాజెక్టు తుది నివేదికలోనూ అలాంటి పట్టిక తప్పనిసరి చేస్తే చాలు. ఖర్చేమీ లేదు.

కరోనా వచ్చిన 2020లో ఈ బెంచి పని విలువ దేశమంతా కళ్లారా చూసింది. ముక్కులోంచి తీసిన నమూనాలో వైరస్ ఉందో లేదో చెప్పిన ఆర్‌టీపీసీఆర్ మేం రోజూ చేసే పీసీఆర్‌కి దగ్గరి చుట్టమే. ఆస్పత్రుల ల్యాబులు చాలక, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో కూడా నమూనాలు పరీక్షించారు. బస్సుల్లేని రోజుల్లో, ఇంట్లోవాళ్లు భయపడుతుంటే, పీపీఈ కిట్లు వేసుకుని బెంచి దగ్గర నిలబడ్డవాళ్లలో పరిశోధక విద్యార్థులూ ప్రాజెక్టు సిబ్బందీ ఎందరో ఉన్నారు. ఆ నైపుణ్యం ఒక్క నెలలో పుట్టలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి ఈగల మీద, వరి మీద, ఈస్ట్ మీద పైపెట్ పట్టుకున్న చేతులు అవి. ఇంకో అవసరం వస్తే ఆ చేతులు ఎక్కడుంటాయి? బ్యాంకుల్లో, కోడింగ్ కంపెనీల్లో వెతుక్కోవాలి.

శాశ్వత పోస్టులు కావాలనే మాటకి ఎదురు వాదన నేను విన్నాను. "పర్మనెంట్ చేస్తే పని ఆగిపోతుందమ్మా" అని పెద్ద సైంటిస్టు ఒకరు నాతోనే అన్నారు. అలాంటి ఉదాహరణలు ఆయన చూసే ఉంటారు. నేను చూసిన ఉదాహరణ మాత్రం మా టెక్నీషియన్ గారిది. రిటైరయ్యే రోజు మధ్యాహ్నం కూడా ఆయన ఆటోక్లేవ్ పీడనం చూసుకుంటూ కనిపించారు. పనిచేయనివాళ్ల భయంతో పోస్టులే ఎత్తేస్తే పనిచేసేవాళ్లు కూడా మిగలరు. ప్రాజెక్టు అనేది ఎలాగూ గడువున్న డబ్బే, శాశ్వత జీతం ఎక్కడి నుంచి తెస్తాం అన్నది ఇంకో ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. గైడ్ల చేతుల్లోనూ ఏమీ ఉండదు, మంజూరైన పోస్టు పేరూ జీతమూ గడువూ అన్నీ పైనుంచే వస్తాయి. నేననేది, ప్రాజెక్టుకొకరు చొప్పున కాదు, సంస్థకి కొందరు ఉండాలని. డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్, క్లోనింగ్, సీక్వెన్సింగ్ నమూనాలు సిద్ధం చేయడం అన్ని ల్యాబులకీ కావలసిన పనులే. సంస్థ తరఫున శాశ్వత బెంచి సిబ్బంది ఉంటే, ప్రాజెక్టులు వస్తూ పోతూ ఉన్నా, వాళ్ల దగ్గర చేతి పనీ ఫ్రీజర్ లెక్కా రెండూ భద్రంగా ఉంటాయి. జర్మనీలో ఈ పనికి విడిగా రెండేళ్ల శిక్షణ ఉంది, దాన్ని ఒక వృత్తిగా గుర్తిస్తారు. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న మా సీనియర్ ఒకరు, తన ల్యాబులో ప్రొఫెసర్ తర్వాత అందరూ మాట వినేది అలాంటి సాంకేతిక సహాయకురాలిదేనని చెప్పారు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మా ల్యాబులోనూ ఒకప్పుడు అలాగే ఉండేది.

మన దేశం పరిశోధన, అభివృద్ధి మీద పెడుతున్నది 2020-21 లెక్కల ప్రకారం జీడీపీలో 0.64 శాతం. అది పెరగాలని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ పెరిగిన డబ్బు కూడా కొత్త యంత్రాల మీదికే పోయి, వాటి ముందు కూర్చునే మనిషి ఏడాది కాంట్రాక్టు మీదే ఉంటే ఏం లాభం? ప్యాకింగ్ పూర్తిగా విప్పకుండానే వారంటీ అయిపోయిన యంత్రాలు నేను చూశాను. వాటిని నడపడం తెలిసినవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు.

సైన్స్ శాఖల్లో నిర్ణయాలు తీసుకునే పెద్దలు ఈ పేపరు చదువుతారని ఆశతో అడుగుతున్నాను. రిటైరైన టెక్నీషియన్ల పోస్టుల్ని రద్దు చేయకండి, నింపండి. ప్రాజెక్టు సిబ్బంది జీతాన్ని విడతల డబ్బుతో ముడిపెట్టకుండా నెలనెలా పడేలా విడిగా ఒక ఖాతా పెట్టండి. గ్రాంటు దరఖాస్తులో పరికరాలకి ఒక గడి, రసాయనాలకి ఒక గడి, ప్రయాణాలకి ఒక గడి ఉన్నాయి. వాటి పక్కన ఇంకొక గడి చేర్చండి: ఈ ప్రాజెక్టులో పని నేర్చుకున్న మనిషిని గడువు అయిపోయాక మీ సంస్థ ఎలా నిలుపుకుంటుంది? దానికి జవాబు రాయకుండా దరఖాస్తు ముందుకు కదలకూడదు.